దారి చూడనిదే టైరు లేదు

గవరయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. టైరు కోసం ఎవరొచ్చినా సరే, వాళ్ళ బండెక్కి, ఆ బండి రోజూ తిరిగే దారి మొదటి నుంచి చివరి దాకా చూస్తే తప్ప టైరు అమ్మడు.

"సైజు చెప్పాను గదా దాదా, ఇంకేం కావాలి?" అని వచ్చినవాడు విసుక్కుంటాడు.

"సైజు చక్రానిది బావూ. మరి దారి సంగతేటి?" అంటాడు గవరయ్య. అంటూనే కొట్టుకి తాళం వేసి, గొడుగు చంకలో ఇరికించుకుని, మురీల డబ్బా, అంటే మరమరాల డబ్బా, చేత పట్టుకుని ముందు సీట్లో కూర్చుంటాడు. ఇక దింపడం ఎవరి తరమూ కాదు.

కలకత్తా గార్డెన్ రీచ్‌లో రేవు గోడ పక్కన, ఇంటి ముందరి గదిలోనే, ఆయన టైర్ల కొట్టు పెట్టి పదేళ్ళయింది. ఈ పదేళ్ళలో అమ్మిన టైర్లకంటే ఎక్కిన బండ్లే ఎక్కువ. స్కూటర్లు, ఆటోలు, బడి వ్యాన్లు, చేపల బండ్లు, ఒకసారి పెళ్ళికొడుకు కారు కూడా. ఆ కారులో పెళ్ళికొడుకు పక్కనే కూర్చుని మురీలు నములుతూ షాలిమార్ దాకా వెళ్ళి, పెళ్ళి ఫొటోలన్నిట్లోనూ పడ్డాడు. ఆ ఇంట్లో ఆల్బమ్ తిప్పినప్పుడల్లా "ఈ పెద్దాయన అమ్మాయి తరఫా, అబ్బాయి తరఫా?" అన్న తగువు ఇప్పటికీ తేలలేదట.

"ఇతను టైర్లమ్మీ మనిషి కాదమ్మా, ఊరంతా తిరిగీ మనిషి" అని భార్య కాసులమ్మ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది.

గవరయ్యకు ఆ మాట పట్టదు. పట్టకపోవడానికి కారణం ఉంది. పలాస అవతల పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, ఇరవయ్యో ఎక్కం తలకిందులుగా అప్పజెప్పి పంతులుగారి చేత పలక బహుమతి అందుకున్న మనిషాయన. పంతొమ్మిదో ఏట కలకత్తా రైలెక్కాడు. పోర్టులో ముప్పై తొమ్మిదేళ్ళు చక్రాలు బిగించాడు. ఆ సంగతి ఎవరైనా అడిగితే చెబుతాడు. అడక్కపోతే ఇంకా వివరంగా చెబుతాడు.

"ముప్పై తొమ్మిదేళ్ళు! ఫోర్క్‌లిఫ్టు కానీ, ట్రైలరు కానీ, నా తలకంటే ఎత్తు టైరున్న క్రేను కానీ, నాను బిగించిన చక్రం ఒక్కటంటే ఒక్కటి దారిలో ఊడనేదు. మూడు మెమెంటోలు, ఒక గోడగడియారం. పెద్దాఫీసరు తన చేత్తో కప్పిన శాలువా."

"ఆ శాలువాతోనే ఇప్పుడు నాను అప్పడాలు ఎండబెడుతున్నాను" అంటుంది కాసులమ్మ లోపల్నుంచి.

చెల్లెలి కూతురు రోజారాణికి ఈ శాలువా కథ నిద్రలో లేపి అడిగినా వచ్చు. మావయ్య బండ్లెక్కే కథలూ అన్నీ వచ్చు. వాటిలో ఆమెకు మహా ఇష్టమైనది శవాలబండి కథ.

శవాలబండి తోలే పోలిరాజు ఒకనాడు వచ్చి, "మావా, ఎనక టైర్లు రెండూ పోనాయి" అన్నాడు.

"పద, దారి చూద్దాం."

"ముందు సీట్లో హెల్పరున్నాడు మావా. ఖాళీ ఎనకాలే ఉంది."

"ఎనకాలయితే ఏటి, నాకేటి బయ్యమా?"

ఎక్కి వెనక బల్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి నడుం లాగి, కాస్త ఒరిగాడు. ఒరిగాక నిద్రపట్టింది. శ్మశానం గేటు ముందున్న గోతిలో చక్రం దిగబడేసరికి ఎగిరిపడి లేచి కూర్చుని, తెల్లటి గుబురు మీసాలతో కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏ ఊరొచ్చాం?" అని అడిగాడు. గేటు దగ్గర కట్టెల బేరం ఆడుతున్న ఇద్దరు బేరం వదిలేసి పరుగో పరుగు.

కాసులమ్మ ఆ రోజు అన్నం పెట్టలేదు. "ఆ దారి చూడ్డానికి ఇప్పట్నుంచీ తొందరేటి నీకు?" అని ఒకటే గోల.

"శవానికి నడుం నొప్పి ఉండదే. పక్కన కూకున్న కొడుక్కుంటాది గదా" అన్నాడు గవరయ్య.

అదీ మనిషి. ఇన్నేళ్ళూ ఈ కథలు చెప్పి స్నేహితుల్ని నవ్వించిన రోజారాణికి, ఈ ఏడు వానాకాలంలో ఆ పిచ్చి తన మీదికే వచ్చేసరికి నవ్వు రాలేదు.

రోజారాణికి ఇరవయ్యారేళ్ళు. బడ్జ్ బడ్జ్‌లో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఆదివారాల్లో, సొంతంగా కొనుక్కున్న పాత ఎర్ర కారుతో, గడియారంతో పోటీ. ఊరికి మూడు గంటల దూరంలో ఒక పాత రన్‌వే ఉంది. దాని మీద రబ్బరు శంకువులు నిలబెట్టి, మలుపులు కట్టి, ఒక్కొక్క కారునే వదిలి సెకన్లు కొలుస్తారు. కిందటేడు ఆడవాళ్ళ పోటీలో రోజారాణి నాలుగోది. మొదటి ముగ్గురినీ కోయంబత్తూరులో ఫైనల్‌కి పిలుస్తారు. నాలుగోవాళ్ళకు టీ ఇచ్చి పంపుతారు. మామూలు టైర్లు మలుపులో జారి అర సెకను తినేశాయి. ఆ అర సెకను ఏడాది పాటు ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఈసారి పోటీ వచ్చే ఆదివారం. కారు టైర్లేమో అరిగి గుండయ్యాయి. కొనేది ఒకే సెట్టు, నాలుగు టైర్లు. పోటీకీ అవే, మర్నాడు డ్యూటీకీ అవే.

సోమవారం సాయంత్రం కొట్టుకి వచ్చి ఫోన్లో బొమ్మ చూపించింది. "మావయ్యా, సెమీ స్లిక్ కావాలి. ఇదిగో, ఇదే."

గవరయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "సెమీ స్లిక్కా? సగం గుండు, సగం జుత్తు. నాకు తెల్దనుకున్నావేటే? గాడులు తక్కువ, రబ్బరు మెత్తన. వేడెక్కితే రోడ్డుని జిగురులా పట్టుకుంటాది. చల్లగా ఉంటే మొండికేస్తాది. ఏదీ, అరుగుదల అంకె ఎంత?"

"ఎనభై."

టైరు పక్కన అచ్చేసి ఉండే అంకె అది. మామూలు టైర్లకు మూడొందలు, నాలుగొందలు ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ.

"ఎనభయ్యా! అది టైరు కాదే అమ్మీ, రొట్టె మీద వెన్న."

"అందరూ అదే వేస్తారు మావయ్యా. నాకు శనివారం లోపల కావాలి."

"సరే. పద, దారి చూద్దాం."

"ధత్! నా దారి నీకు తెలీదేటి? చిన్నప్పట్నుంచీ చూస్తున్నావు కదా."

"చిన్నప్పుడు నువ్వు నా సైకిలు మీద తిరిగావు. సెమీ స్లిక్ మీద కాదు" అని గొడుగు అందుకున్నాడు.

వేరే కొట్టుకి పోవచ్చు కదా అంటారేమో. ఒకసారి పోయింది. పెద్ద షోరూములో ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆమె కారుకు పట్టని టైరు అంటగట్టబోయారు. తండ్రి పోయాక ఆమెకు పెద్దదిక్కు మావయ్యే. కొన్న దగ్గర్నుంచీ ఆ కారు చక్రం మీద ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. పడనిస్తే అత్తకి మొహం ఎలా చూపిస్తుంది?

మంగళవారం పొద్దున వానలో బయల్దేరారు. గవరయ్య ముందు సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. దారి చూడ్డమంటే ఆయన లెక్కలో కళ్ళు మూసుకుని చూడ్డమే. దారి నడుముకి తెలియాలట. ట్రైలర్లు కారుని నాలుగు వైపులా నొక్కేస్తుంటే ఆయన మాత్రం మురీలు నములుతూ, "గొయ్యి... ఇంకో గొయ్యి... ఇది పాతదే, పెద్దదయింది..." అని పలకరిస్తున్నాడు.

బడ్జ్ బడ్జ్ రోడ్డులో పెట్రోలు బంకు దాటాక ఒక పల్లం ఉంది. అక్కడ కారు ఆగిపోయినంత పనయింది. రోడ్డు అడ్డంగా నీళ్ళు, దోసిట్లో పట్టినట్టు నిలబడి ఉన్నాయి.

గవరయ్య కళ్ళు తెరిచాడు. గొడుగు కూడా వేసుకోకుండా దిగి, లుంగీ ఎగ్గట్టి, నీళ్ళలో అటూ ఇటూ నడిచాడు. పిక్కల దాకా మునిగాయి. తడిసి ముద్దయి వచ్చి కూర్చున్నాడు.

"సెమీ స్లిక్ ఇవ్వను."

"మావయ్యా!"

"గాడులు నీళ్ళని బయటికి తొయ్యడానికే గదా ఉన్నాయి? అవి తగ్గించేస్తే టైరు నీళ్ళ మీద తేలుతాది. నువ్వు స్టీరింగ్ తిప్పుతావు, కారు దాని దారి అది చూసుకుంటాది. అటేపు నుంచి ట్రైలరొస్తే?"

"మెల్లగా పోతాను."

"మెల్లగా పోయీదానివయితే రేసెందుకే?"

రోజారాణి గేరు మార్చి కారుని నీళ్ళు దాటించింది. ల్యాబు దాకా మురీల డబ్బా మధ్యలో గలగలమంటూనే ఉంది. దిగబోతూ ఆమె, "కిందటేడు నాలుగోదాన్ని మావయ్యా. అర సెకను. ఈసారి కూడా పోతే నేనింక ఆ రన్‌వే మొహం చూడను" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, వానలో ఉన్న సదుపాయం ఏమిటంటే అవి ఎవరివో తెలియదు.

గవరయ్య మీసం దువ్వుకున్నాడు. "ఇంకా సగం దారే గదా చూసినాను. రేసు దారి చూపించు."

"అక్కడ పక్కన మనుషుల్ని కూర్చోనివ్వరు."

"అయితే నడుస్తాను."

నడుస్తానంటే మాటవరసకి అన్నాడనుకుంది. శనివారం ప్రాక్టీసు రోజున రన్‌వే దగ్గర కారు ఆగీ ఆగకముందే డెబ్బై ఏళ్ళ మనిషి గొడుగు వేసుకుని, లుంగీ ఎగ్గట్టి, ట్రాకు మీద నడక మొదలుపెట్టాడు. ప్రాక్టీసు ఆగిపోయింది. హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్ళందరూ ఫోన్లు తీశారు. రోజారాణి కారు వెనక దాక్కుంది.

పోటీ నడిపే జయదేవ్ బాబు మైకులో బెంగాలీలో అరిచాడు. "ఓ దాదూ! ఇక్కడ నడవకూడదు! ఎవరు మీరు?"

"టైరువాణ్ణి" అన్నాడు గవరయ్య, యాభై ఏళ్ళ పాత బెంగాలీలో.

జయదేవ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏ టీము?"

"పోర్టు టీము. ముప్పై తొమ్మిదేళ్ళు..."

అంతే. ఫోర్క్‌లిఫ్టు దగ్గర మొదలుపెట్టిన కథ మొదటి మలుపులో క్రేను దాకా వచ్చింది. రెండో మలుపులో మెమెంటోలు. మూడో మలుపుకి శాలువా. అప్పటికి గొడుగు జయదేవ్ చేతిలో ఉంది, మురీల డబ్బా కూడా.

మూడో మలుపులో గవరయ్య మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద అరచెయ్యి ఆనించాడు. పసిపిల్లకి జ్వరం చూసినట్టు చూశాడు. "రోజా! ఇలా రా!" అన్నాడు. ఆమె మొహం దాచుకుంటూ వచ్చింది. "చెయ్యి పెట్టి చూడు. తారంతా కొట్టుకుపోయి రాయి పైకి తేలింది. ఆకురాయి! నీ ఎనభై దీని మీద రెండు చుట్లు తిరిగేసరికి ఉండలు కట్టేస్తాది. మూడో చుట్టులో సబ్బు మీద నడిచినట్టే. పోటీ ఎన్ని చుట్లు?"

"నాలుగు. మంచి చుట్టు ఏదయితే అదే లెక్క."

"అయితే రెండొందల అంకెది కావాలి. అదీ సెమీ స్లిక్కే. మధ్యలో రెండు లోతు గాడులున్నది. కొంచెం గట్టిది. మొదటి చుట్టులో వెనకబడతావు, వేడెక్కాక అందుకుంటావు. వానలో ఎనభై దానికంటే వెయ్యి రెట్లు నయం." అని జయదేవ్ వైపు తిరిగి, "చీపురుందా బాబూ?" అన్నాడు.

"చీపురా?"

"ఈ మలుపులో ఇసక రాలింది."

ఉంది. ఇచ్చారు. గవరయ్య ఆ మలుపంతా ఊడ్చాడు. కుర్రాళ్ళు అదీ వీడియో తీశారు. రోజారాణి మళ్ళీ కారు వెనక దాక్కుంది.

ఆ సాయంత్రమే కొట్టులో నాలుగు టైర్లూ బిగించాడు. గాడుల్లో బొటనవేలు పెట్టి లోతు చూశాడు. చక్రాన్ని తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాడు. బిగిస్తూనే పాఠం: "కొత్త టైరు మీద మైనంలాంటి పొరుంటాది. రేపు మూడు గంటలు మెల్లగా ఎల్తే అదే పోతాది. చల్లగా ఉన్నప్పుడు గాలి తక్కువ పెట్టాను. వేడెక్కితే అదే పెరుగుతాది. చుట్టు తిరిగి దిగ్గానే ఈ మీటరుతో చూసి, ఎక్కువున్నది వదిలెయ్."

సెమీ స్లిక్ ఇవ్వనన్న మనిషి ఎందుకిచ్చాడో రోజారాణికి అర్థం కాలేదు. అడిగితే మళ్ళీ లాక్కుంటాడేమోనని భయపడి అడగలేదు. "రేపు నువ్వూ వస్తున్నావు కదా మావయ్యా?" అంది.

"రేపు పనుంది."

"ఏం పని?"

"పనంటే పనే."

చరిత్రలో మొదటిసారి గవరయ్య ఒక బండి ఎక్కనన్నాడు. శవాలబండి ఎక్కిన మనిషి!

ఆదివారం ఆకాశం మబ్బుగా ఉంది గానీ చినుకు పడలేదు. మొదటి చుట్టులో రోజారాణి ఏడోది. ఎనభై అంకె టైర్లవాళ్ళు గాలిలా పోయారు. దిగి గాలి కొలిచింది, ఎక్కువున్నది వదిలింది. రెండో చుట్టులో ఐదోది. మూడో చుట్టుకి ముందున్నవాళ్ళ టైర్లు మూడో మలుపులో ఉండలు కట్టి, కార్లు తూలడం మొదలయింది. ఆ మలుపులోకి దిగుతుంటే ఆమెకు మోకాళ్ళ మీద కూర్చున్న మావయ్యే కనిపించాడు. బ్రేకు వదిలింది. కారు నేలని పట్టుకుని, గీత గీసినట్టు తిరిగింది.

మూడోది! నాలుగో చుట్టు అయ్యాకా మూడోదే, నాలుగోదానికంటే సెకనులో నాలుగు పదోవంతులు ముందు.

"దాదూ ఎక్కడ?" అని జయదేవ్ మొదట అడిగింది అదే.

మావయ్యకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అత్తకి చేసింది.

"మూడోదానివా! ఓలమ్మ, నా తల్లే!" అని కాసులమ్మ అరిచిన అరుపుకి ఫోన్ దూరం పెట్టుకోవలసి వచ్చింది. "మీ మావా? తెల్లారగట్ల పోనాడు. ఎక్కడికో చెప్పనేదు. మురీల డబ్బా ఎట్టుకెళ్ళినాడు."

మురీల డబ్బా! అంటే ఎవరి బండో ఎక్కాడన్నమాట. నా పోటీ కంటే ఎవరి దారి ఎక్కువయిందో అనుకుని, కప్పు పక్క సీట్లో పెట్టుకుని రోజారాణి మూడు గంటలు మూతి ముడుచుకునే ఇంటికొచ్చింది.

ఆ రాత్రంతా కుండపోత. సోమవారం పొద్దున ఆమె ఒక గంట ముందే బయల్దేరింది. కొత్త టైర్లు, రెండే గాడులు, ముందు పల్లం. పెట్రోలు బంకు కనపడగానే కాలు బ్రేకు మీదికి పోయింది. వేగం తగ్గించింది. ఇంకా తగ్గించింది. వెనక ఆటోవాడు తిట్టాడు.

పల్లంలో నీళ్ళు లేవు!

పడ్డ నీళ్ళు పడ్డట్టే రోడ్డు పక్కకి జారి, గలగలమని ఒక కాలవ నోట్లోకి పోతున్నాయి. ఆ నోటి పక్కన నల్లటి బురద గుట్ట. ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి బొండాలు, ఒక ఒంటి చెప్పు. ఆ గుట్ట పక్కన గొడుగు కింద టీ తాగుతూ కొండయ్య. మున్సిపాలిటీలో ముప్పై ఏళ్ళు కాలవల పని చేసి రిటైరయిన మనిషి, మావయ్య స్నేహితుడు.

రోజారాణి కారు ఆపి దిగింది. "బాబాయ్! నువ్విక్కడేటి?"

"నీళ్ళు పోతన్నాయో నేదో చూసి రమ్మన్నాడు మీ మావ. నిన్న పొద్దుట్నుంచి చీకటి పడీదాకా ఇద్దరం తవ్వినాం. నడుం పడిపోనాదమ్మీ. నాను మున్సిపాలిటీలో రిటైరయినాను గానీ ఈడి దగ్గర ఇంకా రిటైరవనేదు."

"నిన్ననా? నిన్న నా పోటీ..."

"అదే! నీ టైర్లు సోమవారం ఈ నీళ్ళలో దిగాల గదా. 'రోజా గుంట మనసు పడ్డాది కొండయ్యా, టైరు మార్చమంటే ఏడుస్తాది, పల్లమే మార్చీద్దాం' అన్నాడు." కొండయ్య టీ చప్పరించాడు. "ఇదేటి కొత్తా? పోలిరాజు బండికని శ్మశానం గేటు ముందు గొయ్యి పూడ్చినాం. బడి వ్యానుకని మూత నేని మ్యాన్‌హోలుకి మూతేయించినాం. ఆ మూత కోసం ఆఫీసుకి ఎన్నిమార్లు తిరిగినాడో నీకు తెల్దు. పదేళ్ళమ్మా! గోతులన్నీ పూడ్చేత్తే నీ టైర్లెవడు కొంటాడ్రా అని నాను తిట్టని రోజు నేదు."

రోజారాణి వానలో అలాగే నిలబడింది. ఊరంతా ఏమనుకుంది? దారి చూసి, దానికి తగ్గ టైరు ఇస్తాడనుకుంది. మావయ్య చేస్తున్నది తలకిందులు. మనిషి కోరిన టైరు ఇచ్చేసి, దానికి తగ్గట్టు దారిని దిద్దుతున్నాడు! చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు.

ఆ సాయంత్రం కొట్టుకి వెళ్ళింది. గవరయ్య రెండు అరచేతులకీ గుడ్డలు చుట్టుకుని, ఒక స్కూటరు అతనికి శాలువా దాకా చెప్పేసి ఉన్నాడు.

"చేతులకి ఏమయింది మావయ్యా?"

"టైరు లీవరు జారింది."

"ముప్పై తొమ్మిదేళ్ళలో జారని లీవరా?"

గవరయ్య చేతి గుడ్డ ముడి బిగించుకున్నాడు. పలక బహుమతి నుంచి గోడగడియారం దాకా చెప్పుకునే మనిషి, పదేళ్ళుగా ఈ ఒక్కటీ చెప్పుకోలేదు. ఆమె కప్పు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో నొక్కి చూసి, "ఫైనల్ ఎక్కడన్నావు?" అన్నాడు.

"కోయంబత్తూరు."

"ఎంత దూరం?"

"రెండు వేల కిలోమీటర్ల పైన. కారుని లారీ మీద పంపిస్తాను మావయ్యా. మనం రైల్లో పోదాం."

"రైల్లోనా?" గవరయ్య లేచి నిలబడ్డాడు. "దారి చూడొద్దేటి?"

లోపల్నుంచి మూత పడిన చప్పుడయింది. కాసులమ్మ మురీల డబ్బా నింపుతోంది. "ఆ కొండయ్య అన్నకి కూడా చెప్పు" అంది తల బయటపెట్టకుండానే. "పార మర్చిపోవద్దను."